నడుస్తున్న నేమ్ సర్వర్‌ను మార్చడం: బైండ్ నాలుగు నుంచి తొమ్మిది దాకా

మన సంఘంలో సగం మందికి పైగా కంప్యూటర్ మీదే అన్నం తినేవాళ్లం. అయినా నేమ్ సర్వర్ మాట మన మధ్య వచ్చేది ఒకే సందర్భంలో. "నెట్ ఉంది, వైఫై గుర్తు నిండుగా ఉంది, ఏ సైటూ తెరుచుకోవట్లేదు" అని ఎవరో గ్రూపులో రాస్తారు. వెంటనే ఇంకొకరు "డీఎన్‌ఎస్‌ను నాలుగు ఎనిమిదులకు మార్చి చూడండి" అంటారు. మారుస్తారు, పనిచేస్తుంది, మాట అక్కడితో ముగుస్తుంది. అంతకుముందు పనిచేయనిది ఏమిటో ఎవరూ అడగరు.

ఈసారి అడగాల్సిన అవసరం ఉంది. వర్తూరు, గుంజూరు, వైట్‌ఫీల్డ్ వైపు మన సభ్యుల్లో కొందరు తమ అపార్ట్‌మెంట్లలో, చిన్న ఆఫీసుల్లో ఒక లినక్స్ పెట్టె పెట్టి దాని మీద సొంత నేమ్ సర్వర్ నడుపుతున్నారు. ఒకసారి పెట్టాక ఆ పెట్టె జోలికి ఎవరూ పోరు. 2026 అక్టోబరు 11న ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ మొత్తానికీ పైన ఉండే తాళంచెవి మార్చాలని నిర్ణయించారు. ఆ రోజుకు సిద్ధంగా లేని పెట్టెలు ఏ పేరు అడిగినా తెల్లమొహం వేస్తాయి. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడ పుట్టింది, దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చిన ప్రతిసారీ ఏం జరిగింది, మార్చనివాళ్లకు ఏం జరిగింది అన్నది ఒకచోట రాద్దాం అనుకున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట్లో నేమ్ సర్వర్ లేదు, ఒక ఫైలు ఉండేది. అమెరికాలో ఆర్పానెట్ రోజుల్లో ఏ కంప్యూటర్ పేరుకు ఏ నంబరో రాసిన హోస్ట్స్ అనే పట్టీని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో నిర్వహించేవారు. కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్లు అక్కడికి తెలియజేయాలి, మిగతావాళ్లంతా ఆ పట్టీని మళ్లీ దింపుకోవాలి. వందల కంప్యూటర్లున్నంత కాలం సరిపోయింది. పెరిగేకొద్దీ పట్టీ దింపుకునే రద్దీయే నెట్‌వర్క్‌కు భారమైంది. 1983లో పాల్ మోకాపెట్రిస్ ఆ పట్టీని ముక్కలు చేసి, ఎవరి పేర్ల లెక్క వాళ్ల దగ్గరే ఉండేలా, పైవాడు కిందివాడి చిరునామా మాత్రం చెప్పేలా డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. 1987లో దాన్ని సవరించి రాసిన రెండు పత్రాలు, ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035, ఇవాళ్టికీ పునాది. పాత పట్టీ మాత్రం పూర్తిగా పోలేదు. ప్రతి యూనిక్స్ యంత్రంలోనూ ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్స్ ఫైలు ఇప్పటికీ ఉంటుంది, వాడకం తగ్గిన ఇంట్లో రోలు ఉన్నట్టు.

యూనిక్స్ మీద దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు రాశారు: డగ్లస్ టెరీ, మార్క్ పెయింటర్, డేవిడ్ రిగిల్, సాంగ్‌నియాన్ ఝౌ. అదే బైండ్. బర్క్‌లీ ఇంటర్నెట్ నేమ్ డొమైన్ అన్న మాటల్లో మొదటి అక్షరాలు. నడిచే ప్రోగ్రాము పేరు 'నేమ్-డీ'. చాలామంది 'నేమ్డ్' అని పలుకుతారు. చివరి 'డీ' అంటే డీమన్, తెర వెనక ఉండి పనిచేసేది అని. 1985 నుంచి రెండేళ్లు డీఈసీ కంపెనీకి చెందిన కెవిన్ డన్‌లప్ దాన్ని చూసుకున్నాడు. తర్వాత అదే కంపెనీలో పాల్ విక్సీ చేతికి వచ్చింది. 1994లో విక్సీ, మరి ఇద్దరు కలిసి ఐఎస్‌సీ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టారు. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా బైండ్ అక్కడే ఉంది. బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు ఉచితంగా రావడం వల్ల దాదాపు ప్రతి కంపెనీ యూనిక్స్‌లోనూ అదే చేరింది. చాలాకాలం డీఎన్‌ఎస్ అంటే బైండే, బైండ్ అంటే డీఎన్‌ఎస్సే.

మన దేశంలో ఈ కథ మొదలైన చోట్లలో మన ఊరు ఒకటి. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ మొదలుపెట్టిన ఎర్నెట్‌లో ఎనిమిది కేంద్రాలుండేవి. అయిదు ఐఐటీలు, ఢిల్లీలో శాఖ కార్యాలయం, బొంబాయిలో ఎన్‌సీఎస్‌టీ, బెంగళూరులో ఐఐఎస్‌సీ. 1989లో డాట్ ఇన్ అనే పేరు మన దేశానికి దక్కింది. దాన్ని చూసే పని ఎన్‌సీఎస్‌టీదే. మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. డాట్ ఇన్ బాధ్యత 2005లో నిక్సీకి మారింది. ఆ ఏడాదే రూట్ సర్వర్ల ప్రతులు మన దేశంలో ఏర్పాటయ్యాయి. వాటిలో చెన్నైలో పెట్టింది ఎఫ్ రూట్, అంటే బైండ్ రాసే ఐఎస్‌సీ నడిపే రూట్ సర్వరే.

ఇక అప్‌గ్రేడ్‌ల సంగతి. బైండ్ నాలుగు తర్వాత వచ్చింది ఎనిమిది, 1997 మే నెలలో. మధ్యలో అయిదు, ఆరు, ఏడు లేవు. నాలుగులో సెట్టింగులన్నీ నేమ్‌డీ-డాట్-బూట్ అనే ఫైల్లో ఒక్కో వరుసగా ఉండేవి. ఎనిమిదిలో ఆ ఫైలు పేరు నేమ్‌డీ-డాట్-కాన్ఫ్ అయింది, లోపలంతా సీ భాషలా మీసాల బ్రాకెట్లు, సెమికోలన్లు వచ్చాయి. పాతదాన్ని కొత్తదిగా మార్చే పెర్ల్ స్క్రిప్టును కూడా జతచేసి ఇచ్చారు. అంత చేసినా నాలుగును వదలనివాళ్లు ఏళ్ల తరబడి ఉన్నారు. కారణం మనందరికీ తెలిసిందే. నడుస్తున్న బండిని ఎవరు విప్పుతారు? నేమ్ సర్వర్ ఆగితే మెయిల్ ఆగుతుంది, వెబ్ ఆగుతుంది, లాగిన్ కూడా నత్తలా నడుస్తుంది. ఆపినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. పదేళ్లు ఆగకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అప్‌గ్రేడ్‌లు వాయిదాపడటానికి సాంకేతిక కారణాల కంటే ఇదే పెద్ద కారణం అని మా అభిప్రాయం.

ఆ వాయిదాకు మొదటి పెద్ద బిల్లు 2001లో వచ్చింది. ఆ ఏడాది జనవరి చివర బైండ్ నాలుగు, ఎనిమిదిలో లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఎనిమిదిలోని టీసిగ్ లోపం ఘోరమైనది. ఎక్కడో కూర్చున్నవాడు ఒక ప్రశ్న పంపి ఆ యంత్రాన్ని తన చేతిలోకి తీసుకోవచ్చు. చాలాచోట్ల నేమ్-డీని రూట్ అధికారంతోనే నడిపేవారు కాబట్టి లోపలికి వచ్చినవాడికి ఇంటి మొత్తం తాళాలు దొరికినట్టే. సరిచేసిన వెర్షన్ 8.2.3 అప్పుడే ఇచ్చారు. దాదాపు రెండు నెలల తర్వాత, మార్చిలో, లయన్ అనే పురుగు ఆ లోపాన్నే వాడుకుని లినక్స్ యంత్రాల్లోకి పాకింది. పాస్‌వర్డ్ ఫైళ్లను దొంగిలించి మెయిల్ చేసింది, వెనకద్వారాలు పెట్టింది. మందు దొరికాక రెండు నెలలకు వచ్చిన జబ్బు అది. మందు వేసుకోనివాళ్లకే వచ్చింది.

అప్పటికే బైండ్ తొమ్మిది బయటకు వచ్చి ఉంది. 2000 సెప్టెంబరులో విడుదలైంది. ఎనిమిదికి అతుకులు వేయడం కాదు, మొదటి వరుస నుంచీ తిరగరాసిన సాఫ్ట్‌వేర్. ఐఎస్‌సీ కోసం నామినమ్ అనే కంపెనీ ఎక్కువ భాగం రాసింది. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే అప్‌గ్రేడ్ అంటే ఏమిటో బాగా చూపించిన ఘట్టం ఇది.

నేమ్ సర్వర్ ఇచ్చే ప్రతి జవాబుకూ ఒక గడువు ఉంటుంది. దాన్ని టీటీఎల్ అంటారు. ఈ జవాబును ఇన్ని సెకన్లు గుర్తుపెట్టుకో, తర్వాత మళ్లీ వచ్చి అడుగు అని. జోన్ ఫైల్లో ఆ గడువు రాయకపోతే ఏం చేయాలి? బైండ్ నాలుగు, ఎనిమిదిలో చాలా వెర్షన్లు ఊరుకునేవి. ఫైలు మొదట్లో ఉండే ఎస్‌ఓఏ రికార్డులోని కనీస విలువను తీసుకుని పని కానిచ్చేవి. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2308 ఆ విలువకు వేరే అర్థం ఇచ్చింది, 'ఆ పేరు లేదు' అన్న జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే విలువ అని. గడువును డాలర్ గుర్తుతో మొదలయ్యే వేరే వరుసలో రాయాలంది. బైండ్ తొమ్మిది నిబంధన ప్రకారం నడిచింది. 9.0, 9.1 వెర్షన్లు గడువు రాయని ఫైళ్లను అసలు తెరవనే లేదు. ఏళ్ల తరబడి పనిచేసిన ఫైలు, అక్షరం మారని ఫైలు, అప్‌గ్రేడ్ చేసిన రాత్రి చెల్లకుండా పోయింది. ఆఖరికి 9.2లో ఐఎస్‌సీ వాళ్లే తగ్గి, పాత పద్ధతిలోనే తెరుస్తాం, కానీ ఒక హెచ్చరిక రాస్తాం అన్నారు. ఆ హెచ్చరిక వరుసను లాగ్‌లో చూసినవాళ్లు మనలోనే చాలామంది ఉండుంటారు. చూసి వదిలేసినవాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉంటారు.

తప్పు ఎవరిది? నిబంధన పాటించినవాడిదా, పాటించకపోయినా నడిచినంత కాలం పట్టించుకోనివాడిదా? పాత సాఫ్ట్‌వేర్ ఉదారంగా క్షమించిన ప్రతి పొరపాటూ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజున అప్పుగా తిరిగొస్తుంది. 9.2లో వెనక్కి తగ్గడం సరైన నిర్ణయమే అని మేం అనుకుంటాం. జనం అప్‌గ్రేడ్‌కు భయపడి పాతదానితో ఉండిపోవడం కంటే హెచ్చరికతో కొత్తదానికి రావడం మేలు. అసలే ఇంకో మార్పు కూడా ఉంది. పాతదాన్ని ఎన్‌డీసీ అనే ఆదేశంతో నడిపేవారు, కొత్తది ఆర్‌ఎన్‌డీసీ, దానికి రహస్య తాళంచెవి కావాలి. ఆ చెవి ఫైలు సరిగా పెట్టక, సర్వర్ నడుస్తున్నా దాన్ని అదుపు చేయలేకపోయిన రాత్రులు చాలా యంత్రాల గదుల్లో గడిచాయి.

ఇదే సమయంలో కొందరు వేరే దారి తొక్కారు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు పాత బైండ్ నాలుగునే వరుస వరుసగా చదివి, లోపాలు తీసి, చాలాకాలం దాన్నే వాడారు. వెర్షన్ నంబరు పాతదైతే సాఫ్ట్‌వేర్ చెడ్డది అనుకోనక్కర్లేదు, చూసుకునే మనిషి ఉండాలి. రూట్ సర్వర్లలో కె రూట్ నడిపే యూరప్ సంస్థ 2003లో బైండ్‌ను వదిలి ఎన్‌ఎస్‌డీ అనే వేరే సాఫ్ట్‌వేర్‌కు మారింది. బైండ్ బాగోలేదని కాదు. అన్ని రూట్ సర్వర్లూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఉంటే ఒకే లోపం అన్నిటినీ ఒకేసారి పడగొట్టగలదు. ఒకే రకం వరి వేసిన ఊరికి ఒకే తెగులు చాలు.

2008 వేసవి మాత్రం అందరినీ కదిలించింది. డాన్ కామిన్‌స్కీ అనే పరిశోధకుడు కనుక్కున్న లోపం ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌దీ కాదు, పద్ధతిదే. నేమ్ సర్వర్ పైవాళ్లను ప్రశ్న అడిగినప్పుడు దానికి ఒక సంఖ్య తగిలిస్తుంది. అదే సంఖ్యతో వచ్చిన జవాబును నమ్ముతుంది. ఆ సంఖ్యకు ఉన్న అవకాశాలు 65,536 మాత్రమే. దొంగ జవాబు పంపేవాడు సంఖ్యను ఊహించి, అసలు జవాబు కంటే ముందు చేరాలి. తప్పితే, అసలు జవాబు గడువు తీరేదాకా ఆగాలి, అందుకే కష్టం అని అందరూ ధైర్యంగా ఉండేవారు. కామిన్‌స్కీ చూపించింది ఏమిటంటే, ఆగనక్కర్లేదు. ఒక బ్యాంకు డొమైన్ కింద లేని పేర్లను ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే ప్రతి పేరుకూ కొత్త అవకాశం దొరుకుతుంది. ఒక్కటి కుదిరినా, ఆ దొంగ జవాబులోనే 'ఈ డొమైన్ మొత్తానికీ నేమ్ సర్వర్ నేనే' అని చెప్పుకోవచ్చు. దానితో మొత్తం బ్యాంకు పేరే వాడి చేతికి వస్తుంది.

ఆ విషయాన్ని నెలల తరబడి గుట్టుగా ఉంచి, 2008 జులై 8న చాలా కంపెనీలు ఒకేసారి ప్యాచ్‌లు విడుదల చేశాయి. పరిష్కారం సులువైనదే. ప్రశ్న పంపే పోర్టును కూడా ప్రతిసారీ యాదృచ్ఛికంగా మార్చడం. అప్పుడు ఊహించాల్సినవి రెండు సంఖ్యలు. డీజే బెర్న్‌స్టీన్ రాసిన డీజేబీడీఎన్‌ఎస్ ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది. బైండ్ వాడేవాళ్లు పరుగులు పెట్టి మార్చారు. కానీ చాలా ఆఫీసుల్లో నేమ్ సర్వర్ ముందు ఒక ఫైర్‌వాల్ ఉంటుంది. బయటికి వెళ్లే ప్రతి మాటకూ అది తన పోర్టు నంబరు తగిలిస్తుంది. వాటిలో కొన్ని వరుసగా ఒకటి, రెండు, మూడు అని తగిలించేవి. లోపల సర్వర్ ఎంత కలగాపులగం చేసినా గుమ్మం దగ్గర ఫైర్‌వాల్ మళ్లీ వరుసలో నిలబెట్టి పంపేది. అప్‌గ్రేడ్ అయింది, రక్షణ రాలేదు. అపార్ట్‌మెంట్లలో రౌటర్ వెనక పెట్టె పెట్టుకున్నవాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

2015 జులైలో ఇంకోటి. టీకీ అనే అరుదైన ప్రశ్న రకాన్ని ఒక పద్ధతిలో పంపితే, ఒకే ఒక్క ప్యాకెట్‌తో బైండ్ తొమ్మిది ఆగిపోతుంది. ఆ లోపం 9.1 నుంచీ ఉంది. సెట్టింగులు మార్చి తప్పించుకునే వీలు లేదు, ప్యాచ్ ఒక్కటే దారి. అనుమానం వస్తే తప్పు జవాబు ఇవ్వకుండా ప్రాణం విడవడం బైండ్ తొమ్మిది స్వభావం. భద్రత కోణంలో మంచిదే. ఒకే సర్వర్ పెట్టుకున్నవాడికి మాత్రం చీకటే.

బైండ్ పది కథ చిన్నది, కొంచెం విచారకరమైనది. 2009లో మొదలుపెట్టి, మళ్లీ అంతా కొత్తగా, సీ ప్లస్ ప్లస్‌లో, పైథాన్‌లో రాశారు. 2013లో 1.0 వచ్చింది. 2014లో ఐఎస్‌సీ దాన్ని వదిలేసింది. తొమ్మిదినే బాగుచేసుకుంటూ పోదాం అనుకున్నారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. అదే కాలంలో యూనిక్స్ వంశంలోని పాత ఇళ్లు బైండ్‌ను బయటికి పంపాయి. 2014 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10.0 మూల వ్యవస్థలోంచి దాన్ని తీసేసి అన్‌బౌండ్‌ను పెట్టింది. 2015లో ఓపెన్‌బీఎస్‌డీ 5.7 కూడా వదిలేసింది. బర్క్‌లీలో పుట్టిన బిడ్డకు బర్క్‌లీ వంశంలోనే వరండాలో చోటు మిగిలింది. కావాలంటే విడిగా తెచ్చి పెట్టుకోవచ్చు, అంతే.

ఇక తాళంచెవి. దొంగ జవాబులకు అసలు మందు, ప్రతి జవాబు మీదా సంతకం ఉండటం. దాన్ని డీఎన్‌ఎస్‌సెక్ అంటారు. సంతకాల గొలుసుకు చివర, అన్నిటికంటే పైన, రూట్ సంతకం ఉంటుంది. 2010 జులై 15న మొదటిసారి రూట్‌కు సంతకం పెట్టారు. ఆ చెవిని ఎప్పటికైనా మార్చాలి. కొత్త చెవిని 2016 అక్టోబరు 27న తయారుచేశారు. వారం తిరగకుండానే, నవంబరు 3 నుంచి 9 దాకా, ఈ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సమావేశం మన హైదరాబాద్‌లో జరిగింది. ఆ సమావేశం ఇంకా నడుస్తుండగానే 8వ తేదీ రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన అతిథులకు ఒక దేశం తన నోట్లను రాత్రికి రాత్రి మార్చడం ఎలా ఉంటుందో కళ్లారా కనబడింది. వాళ్ల చెవి మార్పు మాత్రం అలా కాదు. ముందు కొత్త చెవిని పాతదాని పక్కన పెడతారు. సర్వర్లు దాన్ని చూసి, ముప్పై రోజులు గమనించి, నమ్మదగినదని తమ ఫైల్లో రాసుకుంటాయి. తర్వాతే పాతది పోతుంది.

మార్పు 2017 అక్టోబరు 11న జరగాల్సింది. రెండు వారాల ముందు ఐకాన్ వాయిదా వేసింది. ఎందుకంటే కొన్ని సర్వర్లు ఇంకా పాత చెవి ఒక్కటే తమకు తెలుసని చెబుతున్నాయి. కారణాల్లో కొన్ని చాలా చిన్నవి. పాత వెర్షన్ కావడం. సెట్టింగులో చెవిని చేత్తో రాసి వదిలేయడం. కొత్త చెవిని రాసుకోవాల్సిన డైరెక్టరీలో రాసే అనుమతి నేమ్-డీకి లేకపోవడం. ఏడాది ఆగి, 2018 అక్టోబరు 11న, మన టైములో రాత్రి తొమ్మిదిన్నరకు, మార్చారు. పెద్ద ఉపద్రవం ఏమీ రాలేదు. ఆ ఏడాది ఆగడం వృథా కాలేదనే మేం అనుకుంటాం.

ఇప్పుడు రెండో మార్పు. కొత్త చెవి 2025 జనవరిలోనే రూట్‌లో కనబడింది. దాని గుర్తింపు సంఖ్య 38696. ఇప్పుడు వాడుతున్నదాని సంఖ్య 20326. మీ పెట్టె మీద ఆర్‌ఎన్‌డీసీ మేనేజ్డ్-కీస్ స్టేటస్ అని అడిగితే రెండు సంఖ్యలూ కనబడాలి. ఒక్కటే కనబడితే ఆ డైరెక్టరీ అనుమతులు చూడండి. సెట్టింగు ఫైల్లో డీఎన్‌ఎస్‌సెక్-వ్యాలిడేషన్ ఎదురుగా 'ఆటో' అని ఉంటే మంచిది. చేత్తో రాసిన చెవి ఉంటే తీసేయాల్సింది దాన్నే.

వెర్షన్ మార్చేటప్పుడు మన ఊళ్లో చెరువుల పద్ధతి పనికొస్తుంది. బెళ్లందూరు చెరువు నిండితే నీరు వర్తూరుకు, వర్తూరు నిండితే కోడి మీదుగా దక్షిణ పినాకినికి. పైన తూము విప్పేముందు కింద ఎవరు ఆధారపడ్డారో చూడాలి. రెండు సర్వర్లుంటే ముందు రెండోదాన్ని మార్చండి, ఒక రోజు చూడండి, తర్వాత మొదటిదాన్ని ముట్టండి. మార్చేముందు నేమ్‌డీ-చెక్‌కాన్ఫ్, నేమ్‌డీ-చెక్‌జోన్ నడపండి. వాటిని కొత్త వెర్షన్‌తో వచ్చినవే నడపాలి, పాతది పాత తప్పులను మళ్లీ క్షమిస్తుంది. 9.8 లేదా అంతకు ముందు వెర్షన్ నుంచి వస్తున్నవాళ్లు రెండో సర్వర్‌లోని జోన్ ఫైలు తెరిచి పిచ్చి గీతలు చూసి కంగారుపడకండి. 9.9 నుంచి అక్కడ వాటిని యంత్రానికి అనువైన రూపంలో దాస్తోంది. సంతకాలు ఆటో-డీఎన్‌ఎస్‌సెక్ అనే పాత పద్ధతిలో పెడుతున్నవాళ్లు 2024లో వచ్చిన 9.20కి దూకేముందు ఆగండి, ఆ సెట్టింగును అందులో తీసేశారు. మరొకటి. డెబియన్, రెడ్ హ్యాట్ లాంటివి పాత వెర్షన్ నంబరు అలాగే ఉంచి లోపల ప్యాచ్‌లు వేస్తుంటాయి. కాబట్టి నంబరు చూసి గాబరా పడొద్దు, నంబరు చూసి ధీమా కూడా పడొద్దు. ప్యాకేజీ మార్పుల చిట్టా చదవండి.

తెలుగు మాట కూడా ఒకటి చెప్పాలి. డాట్ భారత్ అనే పేరు తెలుగు లిపిలోనూ మనకుంది, 2011లో ఆమోదం వచ్చిన ఏడు భాషల్లో మనదొకటి. సంఘానికి తెలుగు డొమైన్ తీసుకుందామని మనలో కొందరు అడుగుతున్నారు. దానికి నేమ్ సర్వర్ మార్చాల్సిన పని లేదు. లోపల అది ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల వరుసగానే నిలవుంటుంది. చిక్కంతా బ్రౌజర్లలో, మెయిల్ పెట్టెల్లో, ఫారాల్లో ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ఫ్ట్ కింద వ ఒత్తు పడకుండా మనం పెట్టే కనబడని విడదీత గుర్తును 2003 నాటి నిబంధనలు ఉన్నదున్నట్టు తీసేసేవి, 2010లో వచ్చినవి పొల్లు తర్వాత ఉంటే ఒప్పుకుంటాయి. ఒకే మాట రెండు చోట్ల రెండు పేర్లు కావచ్చు. ఆ గుర్తు అవసరం లేని పేరు ఎంచుకుంటే గొడవ ఉండదు.

పెట్టె నడుపుతున్న సభ్యులు పై రెండు సంఖ్యలూ కనబడ్డాయో లేదో ఈ పోస్టు కింద ఒక్క ముక్క రాయండి. కనబడనివాళ్లు అపార్ట్‌మెంట్ పేరు రాయనక్కర్లేదు, విడిగా మెసేజ్ పెడితే చాలు. ఆదివారం సాయంత్రం వీలున్నవాళ్లం వచ్చి చూస్తాం.